క్లబ్ అకాడమీలో మీ పిల్లాడి ఫుట్‌బాల్ భవిష్యత్తు: చేర్చే ముందు నుంచి 18 ఏళ్ళ దాకా దశలవారీ మార్గదర్శి

"అకాడమీలో సెలక్ట్ అయ్యాడు, చేర్చమంటారా?" అని కొందరు, "మూడేళ్ళుగా ఆడుతున్నాడు, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, మన దేశంలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్) దాకా వెళ్తాడంటారా?" అని ఇంకొందరు తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు మొత్తం క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. సెలక్షన్ జరిగిందన్న సంతోషంలో చాలామంది ఆ తర్వాత ఏం జరుగుతోందో చూడటం మానేస్తారు. ప్రొఫెషనల్ క్లబ్ అకాడమీ ప్రతి సీజన్ చివర కొందరిని ఉంచుకుని కొందరిని పంపించేస్తుంది. కాబట్టి అవకాశాన్ని చేరిన రోజున ఒక్కసారి లెక్క వేస్తే సరిపోదు, ఏటా కొత్తగా వేసుకోవాలి. ఆ లెక్కలో అన్నిటికంటే నమ్మదగిన అంకె మ్యాచ్‌లో ఆడిన నిమిషాలు.

ఇది 9 నుంచి 18 ఏళ్ళ పిల్లలున్న ఇళ్ళ కోసం. పిల్లాడు అని రాసినా అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. అది నిజంగా క్లబ్ అకాడమీయేనా, ముందు తేల్చుకోండి

గేటు మీద క్లబ్ లోగో ఉన్నంత మాత్రాన అది క్లబ్ అకాడమీ కాదు. మన దగ్గర మూడు రకాలు కలిసిపోయి కనిపిస్తాయి.

మొదటిది, క్లబ్ పేరుతో నడిచే ఫుట్‌బాల్ స్కూల్. ఫీజు కడితే ఎవరైనా చేరవచ్చు, సాయంత్రం కోచింగ్ ఉంటుంది. రెండోది, క్లబ్ సొంత యూత్ జట్లు: అండర్-13, 15, 17, ఆపైన రిజర్వ్ టీం, అంటే సీనియర్ జట్టుకు కిందుండే రెండో జట్టు. ఇక్కడ సెలక్షన్ ఉంటుంది, క్లబ్ పేరు మీద లీగ్‌లు ఆడతారు. మూడోది, ఆటగాళ్ళను తయారు చేయడమే పనిగా పెట్టుకున్న రెసిడెన్షియల్ అకాడమీలు. జంషెడ్‌పూర్‌లో 1987 నుంచి నడుస్తున్న టాటా ఫుట్‌బాల్ అకాడమీ, నవీ ముంబైలోని రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్, భువనేశ్వర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫీఫా, మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ కలిసి పెట్టిన అకాడమీ ఈ కోవలోవి. అనంతపురంలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ కూడా పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇస్తోంది.

మొదటి రకాన్ని రెండో రకం అనుకుని డబ్బు కట్టేవాళ్ళే ఎక్కువ. తేడా తెలియాలంటే ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- మా అబ్బాయిని ఏఐఎఫ్ఎఫ్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, అంటే సీఆర్ఎస్‌లో, మీ క్లబ్ ఆటగాడిగా నమోదు చేస్తారా?
- ఈ సీజన్‌లో ఏ లీగ్‌లో, ఏ వయసు విభాగంలో ఆడిస్తారు?
- మీకు ఏఐఎఫ్ఎఫ్ అకాడమీ గుర్తింపు ఉందా? ఉంటే ఏ స్థాయి?

సూటిగా జవాబు రాకపోతే అది కోచింగ్ సెంటర్ అని లెక్క. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆ కోచింగ్ చాలు, అందులో తప్పేమీ లేదు. ఊరు మారి, అప్పు చేసి మరీ చేర్పించాల్సిన చోటు మాత్రం కాదు.

క్లబ్ ఆర్థిక పరిస్థితి కూడా కనుక్కోండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలై 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్ గెలిచి ఐఎస్ఎల్ చాంపియన్ అయింది. రెండేళ్ళు తిరిగేసరికి జీతాల బకాయిలు, సీనియర్లు వెళ్ళిపోవడం, ఫీఫా నుంచి ట్రాన్స్‌ఫర్ నిషేధం. చాంపియన్ క్లబ్‌కే ఆ పరిస్థితి వచ్చినప్పుడు కింది జట్ల పిల్లల సంగతి ఎవరైనా ఊహించగలరు. 2025–26 ఐఎస్ఎల్ సీజన్ కూడా సమాఖ్యకు, లీగ్ నిర్వాహకులకు మధ్య ఒప్పందం తేలక నెలల తరబడి ఆలస్యమైంది. అందుకే ఒక్క క్లబ్ మీదే మొత్తం ప్లాన్ పెట్టుకోకండి. ఐఎస్ఎల్ కింది లీగ్ అయిన ఐ-లీగ్‌లో రెండు సీజన్లు వరుసగా రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి దక్కన్ లాంటి జట్లనూ, పొరుగు రాష్ట్రాల క్లబ్‌లనూ మీ జాబితాలో ఉంచండి.

2. కాగితాలు సిద్ధం చేసుకోండి

ట్రయల్స్ ప్రకటన వచ్చాక మొదలుపెడితే టెన్షన్ తప్పదు. ఇవి ముందే ఒక ఫైల్‌లో పెట్టండి:

- మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. పుట్టిన కొద్దిరోజుల్లోనే నమోదై ఉంటే మరీ మంచిది
- ఆధార్, స్కూల్ రికార్డు, వీలైతే పాస్‌పోర్ట్. అన్నిటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి
- హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, టీకాల కార్డు
- గుండె పరీక్షతో కలిపి డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్
- పాత గాయాల రిపోర్టులు, స్కాన్లు

ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక, మరో చోట ఒక్క అక్షరం. మన తెలుగు ఇళ్ళలో ఇది మామూలే. రిజిస్ట్రేషన్‌లో ఇదే పెద్ద తలనొప్పి అవుతుంది. ఇప్పుడే సరిచేయించండి.

వయసు గురించి గట్టిగా చెబుతున్నాను. "ఒక ఏడాది తగ్గించి రాయిద్దాం, అందరూ అదే చేస్తున్నారు" అని చెప్పే కోచ్ దగ్గర్నుంచి వెంటనే వచ్చేయండి. ఫీఫా 2009 నుంచే అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టు ఎమ్మారై తీస్తోంది. మన దేశంలోనూ యూత్ టోర్నమెంట్లలో మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తారు. పట్టుబడితే నిషేధం. పట్టుబడకపోయినా పిల్లాడికి నష్టమే. తనకంటే చిన్నవాళ్ళ మధ్య బలంతో నెగ్గడం అలవాటై, నేర్చుకోవాల్సిన వయసులో నైపుణ్యం నేర్చుకోడు.

ఎముక వయసు అంటే అసలు వయసు కాదని కూడా గుర్తుంచుకోండి. త్వరగా ఎదిగిన పిల్లాడికి నిజాయితీగా ఉన్నా ఫలితం తేడాగా రావచ్చు. అప్పుడు పుట్టినప్పటి రికార్డులే అక్కరకు వస్తాయి. డిశ్చార్జ్ సమ్మరీ దాచమన్నది అందుకే.

3. ఆ క్లబ్‌లో పైకి వెళ్ళే దారి ఉందా చూడండి

గ్రౌండ్ ఎంత బాగుంది, జిమ్ ఎంత పెద్దది అన్నవి తర్వాత. కింది జట్టు నుంచి పై జట్టుకు నిజంగా ఎవరైనా వెళ్తున్నారా? దానికి ఈ క్రమంలో వెతకండి.

మొదట, క్లబ్ సీనియర్ జట్టులో 23 ఏళ్ళలోపు భారతీయ ఆటగాళ్ళ పేర్లు రాసుకోండి. తర్వాత వాళ్ళు క్లబ్‌లో ఏ వయసులో చేరారో చూడండి. 18 ఏళ్ళకు బయటి నుంచి తెచ్చుకున్న ఆటగాడిని కూడా కొన్ని క్లబ్‌లు "మా అకాడమీ కుర్రాడు" అని చెప్పుకుంటాయి. 15 ఏళ్ళలోపు చేరి సీనియర్ జట్టు దాకా వెళ్ళినవాళ్ళు ఎంతమంది అన్నదే మీకు పనికొచ్చే అంకె.

కేరళ బ్లాస్టర్స్ ఈ విషయంలో గమనించదగ్గది. గోల్‌కీపర్ సచిన్ సురేశ్, మిడ్‌ఫీల్డర్ విబిన్ మోహనన్, కవల సోదరులు ఐమెన్, అజ్హర్ ఆ క్లబ్ యూత్ జట్ల నుంచే సీనియర్ జట్టుకు వచ్చారు. రిలయన్స్ అకాడమీలో తయారైన ముహమ్మద్ సనన్ జంషెడ్‌పూర్ ఎఫ్‌సీకి ఆడాడు. చేరిన చోటే పైకి వెళ్ళాలని లేదు, దారి ఇంకో క్లబ్‌లోకి తెరుచుకున్నా అది దారే.

తర్వాత, పొజిషన్ చూడండి. దీన్ని తల్లిదండ్రులు దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఐఎస్ఎల్‌లో 2021–22 నుంచి మైదానంలో ఒకేసారి గరిష్టంగా నలుగురు విదేశీయులనే ఆడనిస్తున్నారు. ఆ నాలుగు చోట్లూ క్లబ్‌లు సాధారణంగా వెన్నెముక లాంటి స్థానాలకే వాడతాయి: సెంటర్ ఫార్వర్డ్ (స్ట్రైకర్), సెంటర్‌బ్యాక్, నడి మిడ్‌ఫీల్డ్. గోల్‌కీపర్లు, మైదానం అంచుల్లో ఆడే ఫుల్‌బ్యాక్‌లు, వింగర్లు మాత్రం ఎక్కువగా మనవాళ్ళే. అలాగని పదేళ్ళ పిల్లాడిని స్ట్రైకర్ నుంచి మార్చేయమని కాదు. 15 దాటాక ఇంకో పొజిషన్ కూడా నేర్పమని కోచ్‌ను అడగండి. వింగ్‌లోనూ ఆడగల స్ట్రైకర్‌కు తలుపులు రెండు.

చివరగా రిజర్వ్ జట్టు. 17కూ సీనియర్ జట్టుకూ మధ్య ఉన్న ఖాళీలోనే చాలామంది ఆగిపోతారు. 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ ఎక్కువగా 21 ఏళ్ళలోపు వాళ్ళ కోసం. ఆ క్లబ్ అందులో గానీ రాష్ట్ర సీనియర్ లీగ్‌లో గానీ తన కుర్రాళ్ళను దింపుతోందా? దింపకపోతే 17 తర్వాత మీవాడు ఎక్కడ ఆడతాడో అడిగి తెలుసుకోండి.

4. ట్రయల్స్‌కు తయారీ

ఇక్కడ పెద్ద రహస్యాలేమీ లేవు. రెండు వారాల ముందు నుంచి కొత్త వ్యాయామాలు మొదలుపెట్టకండి. ముందురోజు కొత్త బూట్లు కొనకండి. కనీసం పదిరోజులు వాడిన బూట్లే వేయించండి. గ్రౌండ్ టర్ఫా, గడ్డా, మట్టా ముందే కనుక్కుంటే ఏ రకం అడుగున్న బూట్లు వేసుకోవాలో తెలుస్తుంది. 13 దాటినవాళ్ళకు 5వ నంబర్ బంతి, 8–12 ఏళ్ళవాళ్ళకు 4వ నంబర్. ఏ బంతితో ట్రయల్ జరుగుతుందో దానితోనే ఇంట్లో ఆడించండి.

సెలక్టర్లు గోల్స్ లెక్క పెడుతూ కూర్చోరు. వాళ్ళ కళ్ళు పడేది వీటి మీద:

- బంతి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా
- ఫస్ట్ టచ్‌తో ఒత్తిడి లేని వైపు తిరుగుతున్నాడా
- బంతి పోయిన వెంటనే ఏం చేస్తున్నాడు: నిలబడిపోయాడా, వెంటపడ్డాడా
- రెండో కాలు వాడతాడా
- తెలియని పిల్లలతో నోరు తెరిచి మాట్లాడుతున్నాడా

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మన పిల్లలు వెనకబడేది అక్కడే. పక్క రాష్ట్రంలో ట్రయల్ అంటే భాష రాదని నోరు కట్టేసుకుంటారు. "మ్యాన్ ఆన్" (వెనక ప్రత్యర్థి ఉన్నాడు), "టర్న్" (తిరుగు), "టైమ్" (తొందర లేదు), "స్విచ్" (అవతలి వైపు మార్చు) లాంటి మైదానం మాటలు నాలుగు వస్తే చాలు. ఇంటి దగ్గర ఆటల్లోనే అలవాటు చేయించండి.

మీరు గ్రౌండ్‌కు దూరంగా కూర్చోండి. బయటి నుంచి అరిచే తండ్రిని కూడా సెలక్టర్లు గమనిస్తారు.

5. సంతకం పెట్టే ముందు

ఫారం ఇంటికి తెచ్చుకుని, ఒక రోజు ఉంచుకుని, తెలిసినవాళ్ళతో చదివించి అప్పుడు సంతకం పెట్టండి. "ఇప్పుడే పెట్టాలి" అని తొందర పెట్టే చోట మరింత జాగ్రత్త.

చూడాల్సినవి:

- ఇది ఏటా రెన్యూ చేసే రిజిస్ట్రేషనా, ఎక్కువ కాలం కట్టిపడేసే ఒప్పందమా
- మధ్యలో మానేస్తే ఎన్‌ఓసీ (వేరే క్లబ్‌కు వెళ్ళడానికి అభ్యంతరం లేదనే పత్రం) ఎన్ని రోజుల్లో ఇస్తారు, దానికి డబ్బు అడుగుతారా
- గాయమైతే ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా
- ఫీజులో కిట్, ప్రయాణం, టోర్నమెంట్ ఖర్చులు కలిసి ఉన్నాయా
- కోచ్‌కు ఏ లైసెన్స్ ఉంది. ఏఐఎఫ్ఎఫ్ డి లైసెన్స్ తొలి మెట్లలో ఒకటి. ఆపైన ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సి, బి, ఎ, ప్రో

రెండు నియమాలు గుర్తుంచుకుంటే ఎవరూ మిమ్మల్ని భయపెట్టలేరు. 18 ఏళ్ళలోపు ఆటగాడితో మూడేళ్ళకు మించి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్‌ను ఫీఫా గుర్తించదు. ఇక శిక్షణ పరిహారం అనే మాట వింటారు. 12 ఏళ్ళ నుంచి 21 ఏళ్ళ దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్‌లకు, కుర్రాడు తొలి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ చేసుకున్నప్పుడు కొత్త క్లబ్ చెల్లించే డబ్బు అది. అది క్లబ్‌కూ క్లబ్‌కూ మధ్య లెక్క. తల్లిదండ్రుల జేబులోంచి వసూలు చేసేది కాదు.

హాస్టల్ ఉన్న అకాడమీ అయితే ఇంకో గంట కేటాయించండి. గదులు, బాత్‌రూమ్‌లు, వంటగది కళ్ళతో చూడండి. రాత్రిపూట పిల్లలతో ఎవరుంటారు, చెప్పకుండా వస్తే లోపలికి రానిస్తారా, పిల్లాడు రోజూ ఫోన్ చేయవచ్చా అడగండి. ఒంటరిగా ఏ కోచ్ గదికీ వెళ్ళక్కర్లేదని, ఏ ఇబ్బంది వచ్చినా ఇంటికి చెప్పవచ్చని, చైల్డ్‌లైన్ నంబర్ 1098 అని పిల్లలకు ముందే చెప్పండి. పోక్సో చట్టం అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా రక్షణ ఇస్తుంది. ఈ మాటలు మొహమాటపడి దాటేయాల్సినవి కావు.

6. మొదటి సీజన్: నిమిషాల నోట్‌బుక్

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. 200 పేజీల నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ప్రతి మ్యాచ్ తర్వాత ఒక్క వరుస: తేదీ, ఎవరితో, ఏ వయసు విభాగం, మొదటి పదకొండులో ఆడాడా సబ్‌గా వచ్చాడా, ఎన్ని నిమిషాలు, ఏ పొజిషన్. గోల్స్‌కు గడి పెట్టకండి. పెడితే మీ కళ్ళూ పిల్లాడి కళ్ళూ దాని మీదే ఉంటాయి.

పది మ్యాచ్‌లయ్యాక చదవండి. ఫిట్‌గా ఉన్న మ్యాచ్‌లను మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

సగానికి పైగా నిమిషాలు ఆడితే క్లబ్ మీవాడి మీద నమ్మకం పెట్టుకున్నట్టే. సగం కంటే తక్కువైనా నెలనెలా పెరుగుతుంటే ఫర్వాలేదు, ఆగండి. మూడో వంతుకంటే తక్కువ ఉండి, సీజన్ గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంటే మాట్లాడాల్సిన సమయం వచ్చింది. ఈ గీతలు నేను గీసుకున్నవి, ఏ రూల్‌బుక్‌లోనూ లేవు. అయినా ఇంతవరకు నన్ను అడిగిన ఇళ్ళ విషయంలో ఇవి బాగానే పనికొచ్చాయి.

నిమిషాల నాణ్యత కూడా చూడాలి. 5–0తో గెలుస్తున్నప్పుడు చివరి పది నిమిషాలు దింపడం వేరు, 1–1 ఉన్నప్పుడు దింపడం వేరు. బలమైన జట్టుతో ఆడేటప్పుడు బెంచి మీద, బలహీన జట్టుతో మాత్రం మొదటి పదకొండులో ఉన్నాడంటే కోచ్ మనసులో మీవాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది.

బయటి రాష్ట్రంలోని పేరున్న క్లబ్‌లో బెంచి మీద కూర్చోవడం కంటే, సొంత రాష్ట్రంలోని చిన్న జట్టులో 70 నిమిషాలు ఆడటం 13–16 ఏళ్ళ వయసులో మేలు. జెర్సీ మోజులో దీన్ని ఒప్పుకోవడం కష్టం, నాకు తెలుసు. కానీ ఆట నేర్చుకునేది ఆడుతూనే.

7. ఎదుగుదల లెక్క: ఇది అర్థమైతే సగం దిగులు పోతుంది

వయసు విభాగాలకు గీత జనవరి 1. అండర్-13లో జనవరిలో పుట్టినవాడూ, డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే జట్టులో ఉంటారు. మధ్యలో దాదాపు ఏడాది తేడా. పన్నెండేళ్ళ వయసులో ఏడాది అంటే ఎత్తులో, వేగంలో, బలంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రపంచమంతటా అకాడమీలలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. వాళ్ళలో ప్రతిభ ఎక్కువని కాదు, ముందు పుట్టారు.

దీనికి తోడు శరీరం ఎదిగే వేళ ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. అబ్బాయిలు సాధారణంగా 13–14 మధ్య, అమ్మాయిలు 11–12 మధ్య అన్నిటికంటే వేగంగా పొడుగవుతారు. కొందరికి రెండేళ్ళు ముందు, కొందరికి రెండేళ్ళు ఆలస్యం.

ఇంట్లో చేయాల్సింది:

- మూడు నెలలకోసారి, ఉదయం లేవగానే, చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి
- మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటితే వేగంగా ఎదిగే దశలో ఉన్నాడని నోట్‌బుక్‌లో గుర్తు పెట్టండి
- ఆ నెలల్లో ఆట తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి. కాళ్ళు కొత్తగా పొడుగై, బంతి మీద అదుపు కొన్నాళ్ళు తప్పుతుంది. తిరిగి వస్తుంది
- ఎత్తుల లెక్క కోచ్‌కు కూడా చూపించండి. ట్రైనింగ్ భారం తగ్గించడానికి అది ఆధారం

ఈ దశలోనే మోకాలి చిప్ప కింద బుడిపెలా వాచి నొప్పి, మడమ వెనక నొప్పి వస్తాయి. మొదటిదాన్ని డాక్టర్లు ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు, రెండోదాన్ని సీవర్స్ అంటారు. ఎదుగుతున్న ఎముక మీద కండరం లాగడం వల్ల వచ్చేవి. పెయిన్ కిల్లర్ వేసి ఆడించకండి. స్పోర్ట్స్ ఆర్థోపెడిక్ డాక్టర్‌కు లేదా ఫిజియోకు చూపించి, దూకడం, పరుగు కొన్ని వారాలు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఆలస్యంగా ఎదిగే పిల్లాడి విషయంలో పని ఒక్కటే: ఆట మానకుండా 16 దాకా నిలబెట్టడం. ఫ్రెంచ్ ఆటగాడు ఆంటోయిన్ గ్రీజ్‌మన్ చిన్నగా ఉన్నాడని ఫ్రాన్స్‌లో క్లబ్‌లు తీసుకోకపోతే స్పెయిన్‌లోని రియల్ సోసిడాడ్ తీసుకుంది. తర్వాత 2018 ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో ఉన్నాడు. బలంతో గెలవలేని పిల్లాడు ముందు చూపు, తెలివి, టచ్ పెంచుకుంటాడు. ఫుట్‌సాల్, ఐదుగురేసి ఆడే చిన్న ఆటలు వాళ్ళకు బాగా ఉపయోగం.

నాకు ఎక్కువ దిగులు త్వరగా ఎదిగినవాళ్ళ గురించే. పదమూడేళ్ళకు అందరికంటే పొడుగు, అందరికంటే వేగం. ప్రతి మ్యాచ్‌లో రెండు గోల్స్, ఊరంతా మెచ్చుకోలు. పదిహేడు వచ్చేసరికి మిగతావాళ్ళూ అంతే ఎదుగుతారు, అప్పుడు మిగిలేది నైపుణ్యం మాత్రమే. మీవాడు ఈ రకమైతే, ట్రైనింగ్‌లో వారానికి ఒకటి రెండు సార్లు పై వయసు గ్రూపుతో ఆడించమని కోచ్‌ను అడగండి. అక్కడ బలం పనిచేయదు కాబట్టి ఆలోచించి ఆడటం నేర్చుకుంటాడు.

భారం విషయంలో క్రీడా వైద్యులు చెప్పే మోటు లెక్క ఒకటుంది: వారంలో అన్ని శిక్షణలూ కలిపి గంటలు పిల్లాడి వయసు అంకెను దాటకూడదు. అకాడమీ, స్కూల్ టీం, పర్సనల్ కోచ్, ఆదివారం టోర్నమెంట్ అన్నీ కలపండి. 12 ఏళ్ళవాడికి 16 గంటలు వస్తే ఏదో ఒకటి ఆపాలి. నిద్ర 13 దాటినవాళ్ళకు 8 నుంచి 10 గంటలు, అంతకంటే చిన్నవాళ్ళకు కనీసం 9.

8. కోచ్‌తో మాట్లాడటం

సీజన్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. మ్యాచ్ ఓడిన సాయంత్రం మాత్రం వద్దు. ముందే మెసేజ్ పెట్టి టైమ్ అడగండి, వీలైతే పిల్లాడిని కూడా కూర్చోబెట్టుకోండి.

"మావాడిని ఎందుకు ఆడించట్లేదు?" అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. ఇలా అడగండి: "సార్, వచ్చే మూడు నెలల్లో మావాడు ఏ రెండు విషయాలు మెరుగు చేసుకోవాలి?" "ఈ పొజిషన్‌లో మీ జాబితాలో ఎన్నో స్థానంలో ఉన్నాడు?" "వచ్చే సీజన్‌కు ఉంచుకోవాలా వద్దా అన్నది ఎప్పుడు నిర్ణయిస్తారు?"

చెప్పిన రెండు విషయాలు నోట్‌బుక్‌లో రాయండి. మూడు నెలల తర్వాత వాటి గురించే అడగండి. మంచి కోచ్‌కు గుర్తుంటుంది. "ఇంకా కష్టపడాలి, అంతే" అనే జవాబు రెండుసార్లు వరుసగా వస్తే, ఆ క్లబ్ మీవాడి మీద ఆలోచన పెట్టడం లేదని అర్థం.

9. 16 నుంచి 18: నిర్ణయాల కాలం

ఈ రెండేళ్ళలో చూడాల్సినవి:

- రిజర్వ్ జట్టుతో ట్రైనింగ్‌కు పిలుస్తున్నారా
- సీనియర్ జట్టు ప్రీ-సీజన్ క్యాంపుకు తీసుకెళ్ళారా
- ఇంకో క్లబ్‌కు లోన్ మీద పంపే ప్లాన్ ఉందా

లోన్ అంటే కొంతకాలం ఇంకో క్లబ్‌కు ఆడటానికి పంపడం. దాన్ని వదిలించుకోవడం అనుకుని బాధపడేవాళ్ళున్నారు. అలా అనుకోకండి. విబిన్ మోహనన్‌ను బ్లాస్టర్స్ ముందు ఏఐఎఫ్ఎఫ్ కుర్రాళ్ళ జట్టు ఇండియన్ ఆరోస్‌కు లోన్ మీద పంపింది. ఐ-లీగ్‌లో పెద్దవాళ్ళతో మ్యాచ్‌లు ఆడి వచ్చాకే సీనియర్ జట్టులో కుదురుకున్నాడు. అడగాల్సింది ఒక్కటే: అక్కడ ఆడే అవకాశం ఎంత?

ఏజెంట్లు ఈ వయసులోనే ఫోన్లు మొదలుపెడతారు. ఫీఫా లైసెన్స్ ఉందో లేదో అడగండి, ఫీఫా వెబ్‌సైట్‌లో పేరు చూసుకోండి. మీ సంతకం లేకుండా మైనర్‌తో ఏ ఒప్పందమూ చేసుకోనివ్వకండి.

"స్పెయిన్‌లో ట్రయల్స్, ఇన్ని లక్షలు" అనే ప్రకటనలు చూసి ఆశపడకండి. 18 ఏళ్ళలోపు ఆటగాడు విదేశీ క్లబ్‌కు మారడాన్ని ఫీఫా నియమాల 19వ ఆర్టికల్ నిషేధిస్తుంది, మినహాయింపులు కొన్నే. వాటిలో మనవాళ్ళకు ముఖ్యమైనది: ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో, ఉదాహరణకు ఉద్యోగం కోసం, తల్లిదండ్రులు ఆ దేశానికి మారితే పిల్లాడు అక్కడి క్లబ్‌లో నమోదు కావచ్చు. యూకేలోనో, గల్ఫ్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పనికొస్తుంది. ఇక్కడి నుంచి ట్రయల్స్ పేరుతో వెళ్ళేవాళ్ళకు దక్కేది ఎక్కువగా ఫొటోలే.

అమ్మాయిల దారి కొంచెం వేరు. క్లబ్‌ల కింది జట్లు తక్కువ కాబట్టి జిల్లా, రాష్ట్ర జట్ల ద్వారా జాతీయ జూనియర్ టోర్నమెంట్లు, అక్కడి నుంచి ఇండియన్ ఉమెన్స్ లీగ్ క్లబ్‌లు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. కాబట్టి అమ్మాయి ఉంటే రాష్ట్ర సంఘం సెలక్షన్ తేదీలు ఒక్కటి కూడా తప్పిపోకుండా చూసుకోండి.

10. చదువు

పదో తరగతి, ఇంటర్ వదిలేయమని ఏ క్లబ్ చెప్పినా వినకండి. హాజరు కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. పరీక్షలు మార్చిలో, లీగ్ చివరి దశా అప్పుడే. అందుకే సెప్టెంబర్‌లోనే సిలబస్ సగం పూర్తయ్యేలా ప్లాన్ చేయండి. రైల్వేస్, సర్వీసెస్, పోలీసు జట్లలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఫుట్‌బాలర్‌కు నిజమైన జీవనాధారం. వాటన్నిటికీ సర్టిఫికెట్ కావాలి. ఆడిన ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్‌ను స్కాన్ చేసి దాచండి. ఆటలోనే ఉండాలనుకునేవాళ్ళకు కోచింగ్ లైసెన్స్, రిఫరీ, ఫిజియోథెరపీ, వీడియో అనాలిసిస్ కూడా ఉన్నాయి.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఏడాదికో అకాడమీ మార్చడం: కోచ్ పిల్లాడిని అర్థం చేసుకునేలోపే మారుస్తారు. కనీసం రెండు సీజన్లు ఉంచండి. భద్రత సమస్య ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంటికి వచ్చే దారిలో మ్యాచ్ విశ్లేషణ: బండి మీద వెనక కూర్చున్న పిల్లాడికి తప్పించుకునే దారి లేదు. ఆ రోజు తిండి, నీళ్ళ గురించి మాట్లాడండి. ఆట గురించి అతనే మొదలుపెడితే వినండి.

పదేళ్ళకే జిమ్, ప్రొటీన్ పౌడర్: అవసరం లేదు. గుడ్లు, పప్పు, పెరుగు, పల్లీలు, చేపలు. మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం, పప్పు చాలు. నూనె ఎక్కువున్న టిఫిన్ వద్దు.

గాయం దాచడం: స్థానం పోతుందని పిల్లలు చెప్పరు. వారానికోసారి "ఎక్కడైనా నొప్పా?" అని మామూలుగా అడగడం అలవాటు చేసుకోండి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు.

12. రిలీజ్ చేశారు. ఇప్పుడు?

ఎక్కువమంది పిల్లలకు ఈ రోజు వస్తుంది. తర్వాత ఇంగ్లండ్ జట్టుకు ఆడిన హ్యారీ కేన్‌ను ఎనిమిదేళ్ళప్పుడు ఆర్సెనల్ క్లబ్, జేమీ వార్డీని 16 ఏళ్ళకు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ పంపించేశాయి. ఆ కథలు చెప్పి వెంటనే ఓదార్చకండి. పిల్లాడిని బాధపడనివ్వండి. ఒక వారం బంతి ఊసు ఎత్తకండి. ఈలోపు పని మీరు చేయండి:

- కారణం రాతపూర్వకంగా అడగండి. కనీసం మెసేజ్ రూపంలో
- ఎన్‌ఓసీ తీసుకుని, సీఆర్ఎస్‌లో పాత క్లబ్ నుంచి విడుదల అయిందో లేదో సరిచూడండి. ఇది మర్చిపోయి కొత్త సీజన్ నమోదుకు అడ్డుపడిన సందర్భాలు చాలా
- మెడికల్ రిపోర్టులు, మ్యాచ్ వీడియోలు అడిగి తీసుకోండి
- నోట్‌బుక్ ముందు పెట్టుకుని, నిమిషాలు తక్కువా, ఎదుగుదల ఆలస్యమా, పొజిషన్‌లో పోటీయా, ఏది అడ్డయిందో రాసుకోండి
- మూడు క్లబ్‌ల జాబితా వేయండి: ఒకటి అదే స్థాయి, ఒకటి ఒక మెట్టు కింద, ఒకటి ఇంటికి దగ్గర

రెండు వారాల తర్వాత పిల్లాడిని అడగండి, ఇంకా ఆడాలని ఉందా అని. ఉందంటే ఒక మెట్టు కింది క్లబ్ ట్రయల్‌తో మొదలుపెట్టండి, ఆ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పండి. లేదంటే స్కూల్ టీంలో సరదాగా ఆడనివ్వండి. పద్దెనిమిది నిండినా కాంట్రాక్ట్ రాకపోతే డిగ్రీలో చేరి యూనివర్సిటీ జట్టుకూ, రాష్ట్ర లీగ్‌లోని ఏదైనా జట్టుకూ ఒకే ఏడాది ప్రయత్నించమనండి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీకి రాష్ట్ర జట్టు సెలక్షన్లకూ, ఉద్యోగ జట్ల ట్రయల్స్‌కూ అక్కడి నుంచే పిలుపులు వస్తాయి.